లాజిస్టిక్స్ చదువు: కోర్సు ఎంపిక నుంచి మొదటి ఉద్యోగం వరకు ఎలా సాగాలి

లాజిస్టిక్స్‌లో (సరుకు రవాణా, నిల్వల నిర్వహణలో) డిగ్రీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా అని అడిగేవారే ఎక్కువ. సరుకుతో పనిలేని పరిశ్రమ దాదాపు లేదు కాబట్టి దొరుకుతుంది. ప్రపంచ వాణిజ్యంలో, పరిమాణం లెక్కన చూస్తే, సుమారు 80 శాతం ఓడల మీదే సాగుతోంది; ఆ ఓడకు ముందూ వెనకా లారీలు, రైళ్లు, గోదాములు, కస్టమ్స్ పత్రాలు, వీటన్నిటినీ సమయానికి కలిపే మనుషులు ఉంటారు. అయితే పట్టా ఒకటే అయినా, చదివిన తీరును బట్టి ఒకరు ఏళ్లు గడిచినా వచ్చిన ఈమెయిళ్లకు జవాబులిస్తూ ఉండిపోతారు, మరొకరు ఒక ప్రాంతం మొత్తానికి నిల్వ ఎంత ఉండాలో నిర్ణయించే స్థానానికి చేరతారు. ఈ తేడాకు నాకు కనిపించే ముఖ్య కారణం ఒక్కటే: లెక్కను సరుకుతో సరిచూసుకునే అలవాటు చదువుకునే రోజుల్లోనే అబ్బిందా లేదా అన్నది. కింద చెప్పే అడుగులన్నీ ఆ అలవాటు కోసమే.

ముందుగా ఏ పని కావాలో తేల్చుకోండి

కోర్సుల జాబితా తెరవకముందే, ఈ రంగంలో ఏ భాగం మీకు నచ్చుతుందో కొంతైనా తెలుసుకోవాలి. అందుకు పాఠ్యపుస్తకపు నిర్వచనాలు అంతగా పనికిరావు. జరిగిన ఒక సంఘటనను తీసుకుని, అందులో ఎవరెవరు ఏం చేసి ఉంటారో ఊహించి చూడండి.

2021 మార్చి 23న ‘ఎవర్ గివెన్’ అనే 400 మీటర్ల పొడవున్న కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుపోయింది. మార్చి 29న అది కదిలేదాకా కాలువ రెండు వైపులా వందల ఓడలు నిలిచిపోయాయి. ఆ ఆరు రోజుల్లో ఓడల కంపెనీలో కూర్చున్నవారు వేచి ఉండాలా, ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి రావాలా అని ఇంధనం ఖర్చునూ అదనపు రోజులనూ పోల్చి నిర్ణయించవలసి వచ్చింది. సరుకు పంపే ఏజెన్సీలో పనిచేసేవారు ఒక్కో ఖాతాదారుకూ కంటైనర్ ఏ ఓడలో, ఎక్కడ ఉందో చెప్పి, అత్యవసరమైన వాటికి విమానంలో చోటు వెతకవలసి వచ్చింది. నిల్వలు చూసేవారు చేతిలో ఉన్న సరుకు ఎన్ని రోజులకు సరిపోతుందో మళ్లీ లెక్క వేశారు. ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి ప్రణాళిక చూసేవారు, రావలసిన విడిభాగాలు లేకుండా ముందుగా ఏ వస్తువును తయారుచేయవచ్చో చూసుకున్నారు.

ఈ కుర్చీల్లో మీకు ఏది నచ్చింది? గంట గంటకూ మారే పరిస్థితిని ఫోనులో చక్కబెట్టడం నచ్చితే రవాణా, ఫ్రైట్ ఫార్వర్డింగ్ (ఖాతాదారుల తరఫున సరుకు పంపే ఏజెన్సీ పని), ఓడరేవుల నిర్వహణ మీకు తగినవి. నిశ్శబ్దంగా కూర్చుని అంకెల వెనక ఉన్న క్రమాన్ని పట్టుకోవడం నచ్చితే డిమాండ్ ప్లానింగ్ (గిరాకీ అంచనా), ఇన్వెంటరీ (నిల్వల) విశ్లేషణ వైపు వెళ్లాలి. మనుషులతో, యంత్రాలతో, స్థలంతో నేరుగా పనిచేయాలనుకుంటే గోదాము నిర్వహణ ఉంది. ఈ సమాధానం తర్వాత మారినా నష్టం లేదు. అసలు సమాధానమే లేకుండా కోర్సులో చేరితే మాత్రం ఎంపిక సబ్జెక్టులు తీసుకునేటప్పుడు స్నేహితులు ఏది తీసుకుంటే అదే తీసుకుంటారు.

కోర్సు పేరును కాక, సిలబస్‌ను చదవండి

లాజిస్టిక్స్ విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది. వ్యాపార నిర్వహణ విభాగాల్లో అది సప్లై చైన్ మేనేజ్‌మెంట్ (తయారీ నుంచి కొనేవారి వరకు సాగే సరఫరా గొలుసు నిర్వహణ) పేరుతో ఉంటుంది. కొనుగోళ్లు, ఒప్పందాలు, ఖర్చుల లెక్క, సరఫరాదారులతో సంబంధాలు అక్కడ ప్రధానం. ఇంజినీరింగ్ విభాగాల్లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో భాగంగా ఉంటుంది. గణితం, సిమ్యులేషన్, వ్యవస్థల రూపకల్పన ఎక్కువ. మూడవది నౌకా, రవాణా రంగాలకే ప్రత్యేకించిన కళాశాలలు. అక్కడ ఓడల కిరాయి ఒప్పందాలు, ఓడరేవుల పనితీరు, రవాణా చట్టాలు లోతుగా చెబుతారు.

పేర్లు ఒకేలా ఉన్నా లోపలి సరుకు వేరు కాబట్టి, సెమిస్టర్ వారీ సిలబస్ తెప్పించుకుని నాలుగు విషయాలు వెతకండి. గణాంకశాస్త్రం కనీసం రెండు సెమిస్టర్లు ఉందా? ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉత్తమ నిర్ణయాన్ని గణితంతో వెతికే శాస్త్రం) తప్పనిసరి సబ్జెక్టా, ఐచ్ఛికమా? మార్కులతో కూడిన ఇంటర్న్‌షిప్ ఉందా, ఉంటే ఎన్ని నెలలు? చివరి సంవత్సరం ప్రాజెక్టు నిజమైన సంస్థ సమాచారంతో చేయిస్తారా, లేక గ్రంథాలయంలో కూర్చుని రాసే నివేదికతో సరిపెడతారా? ఈ నాలుగింటిలో కనీసం మూడింటికైనా సంతృప్తికరమైన జవాబు రాకపోతే, ఆ విశ్వవిద్యాలయానికి ఎంత పేరున్నా నేనైతే ఆ కోర్సును సిఫారసు చేయను. వీలైతే మూడేళ్ల కిందట పట్టా తీసుకున్న ఇద్దరు ముగ్గురు పూర్వ విద్యార్థులతో మాట్లాడి, మొదటి ఉద్యోగం ఏ హోదాలో దొరికిందో అడగండి. జీతం గురించి అడగడం కన్నా ఈ ప్రశ్నకు నిజాయితీ గల జవాబు సులభంగా వస్తుంది, దాని వల్ల తెలిసేదీ ఎక్కువ.

లెక్కను చేత్తో వేయడం నేర్చుకోండి

ఈ చదువుకు గుండెకాయ ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం. నిల్వల నిర్వహణలో మొదట నేర్పే సూత్రం, ఒకసారి ఎంత సరుకు తెప్పిస్తే మొత్తం ఖర్చు తక్కువవుతుందో చెప్పేది. దీన్ని ఫోర్డ్ హారిస్ 1913లో ప్రచురించారు. ఏడాది గిరాకీని ఒక్కో ఆర్డరుకయ్యే ఖర్చుతో గుణించి, రెట్టింపు చేసి, ఒక్కో వస్తువును ఏడాదిపాటు నిల్వ ఉంచడానికయ్యే ఖర్చుతో భాగించి, వచ్చినదానికి వర్గమూలం తీయాలి. ఏడాది గిరాకీ 3,600 పెట్టెలు, ఒక ఆర్డరు ఖర్చు 50, ఒక పెట్టె నిల్వ ఖర్చు 4 అనుకుంటే జవాబు 300 పెట్టెలు వస్తుంది. అంటే ఏడాదికి 12 ఆర్డర్లు, వాటి ఖర్చు 600, సగటున చేతిలో ఉండే 150 పెట్టెల నిల్వ ఖర్చు మరో 600, మొత్తం 1,200.

పరీక్షలో ఇక్కడితో మార్కులు వచ్చేస్తాయి. కానీ ఆ సరుకు ఒక్కో ప్యాలెట్ (పెట్టెలు పేర్చి ఎత్తే చదునైన చెక్క వేదిక) మీద 120 పెట్టెల చొప్పున వస్తుందనుకోండి. 300 పెట్టెలంటే రెండున్నర ప్యాలెట్లు. సగం నిండిన ప్యాలెట్ లారీలో పూర్తి ప్యాలెట్‌కు పట్టే నేలనే ఆక్రమిస్తుంది, దాన్ని దించినచోట ఎవరో ఒకరు పెట్టెలను విడిగా లెక్కపెట్టాలి. మూడు నిండు ప్యాలెట్లు, అంటే 360 పెట్టెలు తెప్పిస్తే ఏమవుతుందో అదే పద్ధతిలో వేసి చూడండి: 10 ఆర్డర్లకు 500, సగటు నిల్వ 180 పెట్టెలకు 720, మొత్తం 1,220. సూత్రం చెప్పినదానికన్నా రెండు శాతం కూడా పెరగలేదు. లెక్కపెట్టే శ్రమ మాత్రం బాగా తగ్గింది. ఆర్డరు పరిమాణాన్ని బట్టి మొత్తం ఖర్చును గీస్తే వచ్చే గీత అడుగున దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి, సూత్రం చెప్పిన అంకె దగ్గర కాస్త అటూ ఇటూ జరగడానికి మీకు స్వేచ్ఛ ఉంది. ఈ స్వేచ్ఛ ఎంతవరకు ఉందో తెలిసినవారినే సంస్థలు వెతుకుతాయి.

భద్రతా నిల్వ, అంటే గిరాకీ అనుకోకుండా పెరిగితే ఆదుకునేందుకు అదనంగా ఉంచే సరుకు లెక్కనూ ఇదే విధంగా పట్టుకోండి. రోజువారీ గిరాకీలో హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం (సగటు నుంచి మామూలుగా ఎంత తేడా ఉంటుందో చెప్పే కొలత) 10 పెట్టెలు, సరుకు చేరడానికి 9 రోజులు అయితే, 95 శాతం సేవా స్థాయికి (నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండడానికి) గణాంక పట్టిక ఇచ్చే 1.65ను 10తో, 9 వర్గమూలమైన 3తో గుణించాలి; దాదాపు 50 పెట్టెలు కావాలి. అదే 4 రోజుల్లో సరుకు చేరితే 33 చాలు. సరఫరా సమయం సగానికన్నా ఎక్కువ తగ్గినా నిల్వ మూడింట ఒక వంతే ఎందుకు తగ్గిందో వర్గమూలాన్ని చూసి మీ మాటల్లో చెప్పగలిగితే, ఆ పాఠం మీకు వచ్చినట్టే.

రవాణా మార్గాల విషయంలో క్లార్క్, రైట్ అనే ఇద్దరు 1964లో ప్రచురించిన పద్ధతితో మొదలుపెట్టండి. గోదాము నుంచి మొదటి ఖాతాదారుకు 10 కిలోమీటర్లు, రెండవ ఖాతాదారుకు 12, వారిద్దరి మధ్య 5 అనుకుంటే, విడివిడిగా వెళ్లి వస్తే 44 కిలోమీటర్లు, ఒకే ప్రయాణంలో కలిపితే 27. ఆదా 17. ఇలా ప్రతి జంటకూ ఆదా లెక్కించి, ఎక్కువ ఆదా ఇచ్చే జంటలను ముందుగా కలుపుకుంటూ, బండి సామర్థ్యం మించకుండా మార్గాలు కట్టాలి. పది మంది ఖాతాదారులకు దీన్ని కాగితం మీద ఒకసారి చేసినవారికి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్గం ఎక్కడ అసంబద్ధంగా ఉందో కంటికి కనబడుతుంది.

సరఫరా గొలుసు చివర, అంటే కొనేవారి దగ్గర, గిరాకీలో వచ్చిన చిన్న మార్పు వెనక్కి వెళ్లేకొద్దీ పెద్దదవుతూ పోయే ‘బుల్‌విప్’ ధోరణిని మాత్రం పుస్తకంలో చదివి వదిలేయకండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1960ల నాటికే ఆడించిన ‘బీర్ గేమ్’ అనే అభ్యాసం ఇందుకోసమే ఉంది. నలుగురు మిత్రులు రిటైలర్, టోకు వర్తకుడు, పంపిణీదారు, ఉత్పత్తిదారుగా కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఆర్డర్లు మాత్రమే పంపుకుంటూ ఆడితే, గిరాకీ దాదాపు నిలకడగా ఉన్నా నిల్వలు ఎలా పొంగి కుంగుతాయో ఒక్క సాయంత్రంలో అర్థమవుతుంది.

పత్రాల భాషను మొదటి ఏడాదే పట్టుకోండి

విద్యార్థులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది, ఉద్యోగంలో మొదటి రోజు నుంచే అవసరపడేది పత్రాల పని. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే పత్రం), ఎయిర్ వేబిల్ (విమాన సరుకు పత్రం) నమూనాలు సంపాదించి ఒక్కో గడి ఎందుకుందో తెలుసుకోండి. వస్తువులను వర్గీకరించే హెచ్ఎస్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు ఆ విధానాన్ని అనుసరించే దేశాలన్నిటికీ ఉమ్మడివి. తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం చేర్చుకున్నవి. మీ చుట్టూ ఉన్న వస్తువులు పది తీసుకుని వాటి కోడ్‌లు వెతకడం మంచి సాధన.

అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించిన ఇన్‌కోటర్మ్స్ 2020లో అమ్మినవారు, కొన్నవారు ఖర్చునూ నష్టభయాన్నీ ఎలా పంచుకోవాలో చెప్పే 11 నిబంధనలున్నాయి. వాటిలో సీఐఎఫ్ (సరుకు ధర, బీమా, కిరాయి కలిపిన ధర) దగ్గర చాలామంది పొరబడతారు. అమ్మినవారే గమ్యస్థానపు ఓడరేవు వరకు కిరాయి, బీమా చెల్లిస్తారు కాబట్టి నష్టభయం కూడా అక్కడివరకు వారిదేననుకుంటారు. నిజానికి సరుకు బయలుదేరే రేవులో ఓడ ఎక్కగానే నష్టభయం కొన్నవారికి మారుతుంది. దారిలో సరుకు తడిస్తే బీమా సొమ్ము కోసం అడగవలసింది ఎవరో ఈ ఒక్క అంశం మీదే ఆధారపడి ఉంటుంది.

విమాన రవాణాలో బరువుతో పాటు ఘనపరిమాణాన్నీ చూసి ధర కడతారు. సాధారణ పద్ధతి ప్రకారం సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తులను గుణించి 6,000తో భాగిస్తారు; వచ్చినదీ, అసలు బరువూ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి ధర కడతారు. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టె అసలు బరువు 8 కిలోలే అయినా, 20 కిలోలకు డబ్బు కట్టాలి. ప్యాకింగ్ చిన్నది చేయమని ఉత్పత్తి విభాగానికి చెప్పే ధైర్యం ఈ లెక్క తెలిస్తేనే వస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఎక్సెల్‌లో పివట్ టేబుళ్లు (సమాచారాన్ని గుంపులుగా కూడి చూపే పట్టికలు), సాల్వర్ (ఉత్తమ జవాబు వెతికే సాధనం) బాగా రావాలి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) రెండు మూడు పట్టికలను కలిపి ప్రశ్న రాయగలగాలి. ప్లానింగ్ వైపు వెళ్లేవారికి పైథాన్ ఉపయోగం. గోదాము, రవాణా నిర్వహణ సాఫ్ట్‌వేర్లు ఏ సంస్థకు ఆ సంస్థ వేరుగా వాడుతుంది, చేరాక నేర్పిస్తుంది కూడా.

ఇంటర్న్‌షిప్‌ను గోదాము నేల మీద మొదలుపెట్టండి

చల్లని కార్యాలయంలో నివేదికలు తయారుచేసే ఇంటర్న్‌షిప్ దొరికినా, కనీసం మొదటి రెండు వారాలు సరుకు దించే డాక్ దగ్గర ఉండనివ్వమని అడగండి. అక్కడ చూడవలసింది చాలా ఉంది. లారీ వెనక్కి వచ్చి ఆగగానే తలుపులు తెరవరు. ముందు సీలు నంబరును పత్రంలో ఉన్న నంబరుతో సరిచూస్తారు. తలుపు తెరిచాక ప్యాలెట్లు ఒరిగి ఉన్నాయా, పెట్టెల మూలలు నలిగి ఉన్నాయా అని చూసి, తేడా ఉంటే ఫోటో తీసి, డ్రైవర్ ముందే డెలివరీ పత్రం మీద రాస్తారు. ఏమీ రాయకుండా సంతకం చేస్తే తర్వాత నష్టపరిహారం రాబట్టడం చాలా కష్టమవుతుంది. తర్వాత స్కానింగ్, లెక్క, చోటు కేటాయింపు. ఒక లారీ వచ్చినప్పటి నుంచి ఖాళీ అయి వెళ్లేదాకా ప్రతి దశకూ ఎంత సమయం పట్టిందో చిన్న పుస్తకంలో రాసుకోండి. వారం తిరిగేసరికి, ఆలస్యం సరుకు దించడంలో ఉందో, పత్రాల కోసం ఎదురుచూడడంలో ఉందో మీ అంకెలే చెబుతాయి.

కొలత టేపు కూడా వెంట ఉంచుకోండి. ఇరవై అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు. 1.2 మీటర్లు, 1 మీటరు కొలతలున్న ప్యాలెట్లు రెండింటిని పొడవు పక్కలు కంటైనర్ వెడల్పు వెంబడి వచ్చేలా పక్కపక్కన పెట్టాలంటే 2.4 మీటర్లు కావాలి. కేవలం ఐదు సెంటీమీటర్ల కొరత వల్ల ఒక వరుసను అడ్డంగా, ఇంకో వరుసను నిలువుగా తిప్పి పెట్టవలసి వస్తుంది. కంటైనర్ ఘనపరిమాణాన్ని ప్యాలెట్ ఘనపరిమాణంతో భాగించి జవాబు చెప్పే విద్యార్థి ఇక్కడే తప్పుతాడు. 

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారినీ, పెట్టెలు ఏరి ఆర్డర్లు సిద్ధం చేసేవారినీ గౌరవంగా పలకరించి, వారు ఏ వస్తువు కోసం ఎక్కువ నడుస్తున్నారో అడగండి. వారు చెప్పినదాన్ని అమ్మకాల సమాచారంతో పోల్చి, తరచుగా కదిలే వస్తువులను డిస్పాచ్‌కు దగ్గరగా మార్చితే ఎంత నడక తగ్గుతుందో లెక్క వేయండి. ఇదే మీ చివరి సంవత్సరం ప్రాజెక్టు కాగలదు. ప్రాజెక్టు అంశం చిన్నదిగా, కొలవగలిగేదిగా ఉండాలి. ‘ప్రపంచ సరఫరా గొలుసుల సవాళ్లు’ వంటి శీర్షికలు ఎవరికీ ఉపయోగపడవు.

ఉద్యోగాల వైపు అడుగు

కొత్త పట్టభద్రులకు సాధారణంగా దొరికే హోదాలు లాజిస్టిక్స్ కోఆర్డినేటర్, రవాణా ప్లానర్, గోదాము షిఫ్ట్ సూపర్‌వైజర్, ఇన్వెంటరీ అనలిస్ట్, కొనుగోళ్ల సహాయకుడు, ఫ్రైట్ ఫార్వర్డింగ్‌లో ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్. వీటిలో ఫ్రైట్ ఫార్వర్డింగ్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. పని ఒత్తిడి ఎక్కువ, వేళలు వేరే దేశాల గడియారాలను బట్టి సాగుతాయి. అయినా ఓడ, విమానం, లారీ, కస్టమ్స్, బ్యాంకు పత్రాలు అన్నీ ఒకే బల్ల మీదకు వచ్చేది అక్కడే. ఎటు వెళ్లాలో తేల్చుకోలేనివారికి మొదటి రెండేళ్లకు ఇంతకన్నా మంచి చోటు నాకు తోచదు.

గోదాము సూపర్‌వైజర్ పనిలో రాత్రి షిఫ్టులు ఉంటాయి, వయసులో పెద్దవారైన కార్మికులకు పని చెప్పవలసి ఉంటుంది. ఇది తెలిసే చేరండి. డిమాండ్ ప్లానింగ్‌లో మీ అంచనా ఎంత తప్పిందో నెలనెలా అందరి ముందూ అంకెల్లో కనిపిస్తుంది. అమ్మకాల విభాగం ఆశనూ, గత సమాచారం చెప్పే వాస్తవాన్నీ ఎదురెదురుగా పెట్టి మాట్లాడగలిగినవారే అక్కడ నిలుస్తారు. కన్సల్టింగ్, సాఫ్ట్‌వేర్ సంస్థలు కొంత అనుభవం ఉన్నవారినే ఎక్కువగా కోరుకుంటాయి.

సేవా భావం ఉన్నవారు మానవతా సహాయ లాజిస్టిక్స్ కూడా చూడండి. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం వంటి సంస్థలకు విపత్తు ప్రాంతాలకు సరుకు చేర్చడమే ప్రధానమైన పని. చాలా టీకాలను తయారీ నుంచి వేసేదాకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. రోడ్డు, కరెంటు సరిగా లేనిచోట ఆ గొలుసు తెగకుండా నడిపించడం లాజిస్టిక్స్ పనే. వ్యాపార సంస్థల్లో ఆలస్యానికి జరిమానా ఉంటుంది, ఇక్కడ ఆలస్యానికి మందు అందని పసిపిల్లలు ఉంటారు. ఈ మార్గాన్ని ఎంచుకునేవారంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

దరఖాస్తులో ‘కష్టపడే స్వభావం, బృందంలో పనిచేయగలను’ వంటి వాక్యాలు తీసేసి, చేసిన పనిని కొలతతో రాయండి: ఏ గోదాములో, ఏ సమస్యను గమనించారు, ఏ సమాచారం సేకరించారు, మార్పు తర్వాత ఏ అంకె ఎంత మారింది. మార్పు అమలు కాకపోతే ఆ సంగతి కూడా రాసి, లెక్క ప్రకారం ఎంత ఆదా రావాలో చెప్పండి. ఇంటర్వ్యూలో తరచుగా ఒక చిన్న సమస్య ఇస్తారు: ఫలానా ఖాతాదారుకు సరుకు సమయానికి, పూర్తిగా చేరడం లేదు, ఎక్కడ మొదలుపెడతారు? వెంటనే పరిష్కారం చెప్పకండి. ఆలస్యం ఏ రోజుల్లో, ఏ మార్గంలో, ఏ వస్తువుల్లో ఎక్కువగా ఉందో ముందుగా అడగండి. నిల్వ లేక ఆగిందా, బండి లేక ఆగిందా, ఆర్డరే ఆలస్యంగా వచ్చిందా అని విడదీయండి.

వృత్తి ధ్రువపత్రాల్లో సరఫరా గొలుసు నిపుణుల సంఘమైన ఏఎస్‌సీఎం సంస్థ ఇచ్చే సీపీఐఎం ఉత్పత్తి, నిల్వల ప్రణాళికకు, సీఎల్‌టీడీ రవాణా, పంపిణీకి, సీఎస్‌సీపీ మొత్తం సరఫరా గొలుసుకు సంబంధించినవి. ఫ్రైట్ ఫార్వర్డర్ల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫియాటా డిప్లొమా ఫ్రైట్ ఫార్వర్డింగ్ రంగంలో పేరున్నది. డిగ్రీ చదువుతుండగానే వీటికి పరుగెత్తవద్దని నా సలహా. ఏడాదో రెండేళ్లో పనిచేశాక, మీ దారి స్పష్టమయ్యాక తీసుకుంటే, పాఠంలోని ప్రతి పేరా మీరు చూసిన ఏదో ఒక సమస్యకు ముడిపడుతుంది, చాలాచోట్ల పరీక్ష రుసుమును సంస్థే భరిస్తుంది కూడా. పైచదువుకూ ఇదే వర్తిస్తుంది. పరిశోధన, బోధన వైపు వెళ్లాలనుకునేవారు మాత్రం ఆపరేషన్స్ రీసెర్చ్‌లో గట్టి పునాది వేసుకుని డిగ్రీ కాగానే చేరవచ్చు.